ఉదయగిరి దుర్గం: ఎండాకాలంలో ఒక పూట కొండ నడక, బాట వదిలి కొండ వెన్ను మీద

ఎండాకాలంలో వెలిగొండ శ్రేణిలో కొండ ఎక్కాలనుకుంటే మొదట తేల్చుకోవాల్సింది వెనక్కి ఎన్ని గంటలకు తిరగాలనేది. బయలుదేరే వేళ, మోయాల్సిన నీళ్ళు, కొండ వెన్ను (పైన పొడవునా సాగే గట్టు) మీద పోగలిగిన దూరం అన్నీ ఆ గంటను బట్టే తేలతాయి. శిఖరాన్ని ముందు పెట్టుకుని లెక్క మొదలుపెట్టినవాళ్ళు పదకొండు గంటల ఎండలో, ఖాళీ సీసాలతో, నీడలేని బండ మీద దిగుడు దారి వెతుక్కుంటూ ఉంటారు.

ఇక్కడ చెప్పేది నెల్లూరు జిల్లా ఉదయగిరి కొండ గురించి. ఎత్తు 3,079 అడుగులు, అంటే 938 మీటర్లు. కొండ కింద ఉన్న ఊరి ఎత్తు తీసేసినా ఆరేడు వందల మీటర్ల ఎక్కుడు ఉంటుంది. కోట వరకు పాత బాట ఉంది. పైన పాడుబడ్డ గోడలు, మసీదు, కోనేళ్ళు ఉన్నాయి. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం ఇదే. అంత పెద్ద సైన్యం కూడా నెలల తరబడి కింద కాచుకోవాల్సి వచ్చిందంటే కొండ ఆకారమే కారణం. చాలా వైపుల నిలువు చరియలు, ఎక్కడానికి పనికొచ్చే చోట్లు బహు కొద్ది. ఆ మాట ఈనాటి నడకకూ వర్తిస్తుంది. బాట వదిలి వెన్ను మీద తిరగొచ్చు గానీ, ఎక్కడ పడితే అక్కడ దిగలేం.

ఇదే పద్ధతి పెంచలకోన పైన ఉన్న గట్లకూ, భైరవకోన చుట్టుపక్కల కొండలకూ పనికొస్తుంది. అయితే పెంచలకోన పెనుశిల నరసింహ అభయారణ్యం కిందికి వస్తుంది కాబట్టి అక్కడ అనుమతి లేకుండా గుడి దాటి అడవిలోకి అడుగు పెట్టకూడదు.

ఏ నెలలో

మార్చి రెండో వారం నుంచి ఏప్రిల్ మొదటి వారం వరకు మంచి కాలం. ఆకు రాలిపోయి ఉంటుంది కాబట్టి వెన్ను మీద దూరం కనిపిస్తుంది, పొదలు పలచబడతాయి, ఎండ ఇంకా ముదరదు. ఏప్రిల్ మూడో వారం తర్వాత పోవాలంటే నడకను సగానికి కుదించాలి. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె మొదలైతే మానుకోవడమే మంచిది. రోళ్ళు పగిలే కాలమని పెద్దలు ఊరికే అనలేదు. ఆ రోజుల్లో తెల్లవారుజామున కూడా రాయి చల్లారదు, రాత్రంతా వేడి కక్కుతూనే ఉంటుంది.

పైకి పోయేకొద్దీ చల్లగా ఉంటుందన్నది సగమే నిజం. ప్రతి వంద మీటర్లకు గాలి వేడి 0.6 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా తగ్గుతుంది. అంటే ఊళ్ళో 41 ఉంటే పైన 36, 37 దాకా ఉండొచ్చు. కానీ పైన నీడ ఉండదు, కింద నుంచి బండ వేడి కొడుతుంది. గాలి చెమటను వెంటనే ఆరబెట్టేస్తుంది కాబట్టి ఒంట్లోంచి ఎంత నీరు పోతోందో తెలియదు. ఒడ్డు దగ్గర కావలిలోనో, నెల్లూరులోనో చొక్కా తడిసి ముద్దవుతుంది గనక దాహం గుర్తొస్తుంది. ఉదయగిరి వైపు పొడిగాలిలో చొక్కా పొడిగానే ఉండి, మూత్రం మాత్రం చిక్కటి టీ రంగుకు వస్తుంది. ఆ రంగు కనిపించిందంటే అప్పటికే ఆలస్యమైందని లెక్క.

ఇంకో సంగతి. మే మొదటి రోజుల్లో ఈ అక్షాంశం దగ్గర మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఇక్కడ మధ్యాహ్నమంటే గడియారంలో దాదాపు 12 గంటల 10 నిమిషాలు. ఆ వేళకు బండకు నీడ పడదు, మోడుబారిన చెట్టుకూ పడదు. “పెద్ద బండ చాటున కూర్చుందాంలే” అనే ఆలోచన ఏప్రిల్ చివర నుంచి పనికిరాదు. నిజంగా నీడనిచ్చేవి కోట కట్టడాల గోడల లోపలి భాగాలు, చరియ కింద లోపలికి తొలిచినట్టున్న చోట్లు. రెండో రకం చోట్లలో ఎలుగుబంట్లు కూడా పడుకుంటాయి.

బయలుదేరే ముందురోజు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా ఇచ్చే వడగాలుల హెచ్చరిక చూడండి. ఉదయగిరి మండలం పేరు అందులో ఉంటే ప్రయాణం వాయిదా వేయండి.

అనుమతి

కొండ చుట్టూ రిజర్వు అడవి. 1967 అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అందులో తిరగడం నేరం. కోట వరకు బాట మీద పోయేవారిని ఎవరూ పెద్దగా ఆపకపోవచ్చు గానీ, బాట వదిలేవారు ముందుగా అటవీశాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగాలి. కాగితం మీద మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, బండి నంబరు, ఏ వైపు వెన్ను మీద పోతారు, ఎన్నింటికి దిగుతారు రాయండి. ఒక కాపీ దగ్గర ఉంచుకోండి.

ఈ కాగితం ఇక్కడ మరీ ముఖ్యం కావడానికి కారణం ఎర్రచందనం. చీకట్లో టార్చిలైట్లతో అడవి అంచున నలుగురు కనిపిస్తే సిబ్బందికి మొదట వచ్చే అనుమానం ఒకటే. అందుకే కొడవలి, గొడ్డలి, మచ్చుకత్తి ఏదీ వెంట తీసుకోకండి, ముళ్ళు కొట్టుకోవడానికే అయినా సరే. బ్యాగులో ఎర్రచందనం చెక్క ముక్క, విత్తనం కూడా ఉండకూడదు.

ఆ బీట్ (గస్తీ కోసం విడగొట్టిన అడవి భాగం) చూసే అటవీ సిబ్బందితో మాట్లాడినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఈ వారంలో ఎలుగు ఎక్కడ కనిపించింది? తేనెపట్లు ఏ చరియకు ఉన్నాయి? ఎక్కడైనా కారుచిచ్చు రేగిందా? ఈ మూడింటికీ మ్యాపులో జవాబు దొరకదు. కూలి ఇచ్చి ఊళ్ళోని పశుల కాపరినో, గొర్రెల కాపరినో వెంట తీసుకుపోగలిగితే ఇంకా మేలు. ఆయన్ను దారి చూపమనడం కంటే “ఇక్కణ్ణుంచి దిగొచ్చా, దిగకూడదా” అని అడగండి. వాళ్ళు నడిచే బాటలు వేరు, మనం పోవాలనుకునే గట్టు వేరు. దిగలేని చోట్లు మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఇంట్లో మ్యాపు పరుచుకుని

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాపుల్లో, పాత వరుసలో, ఉదయగిరి 57 ఎన్/5 షీటులో పడుతుంది. 2 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఎత్తు గీతల మధ్య తేడా 20 మీటర్లు. పక్కపక్క గీతల మధ్య ఒక మిల్లీమీటరు ఖాళీ ఉంటే వాలు దాదాపు 22 డిగ్రీలు, జాగ్రత్తగా నడవొచ్చు. అర మిల్లీమీటరే ఉంటే 39 డిగ్రీల దగ్గర, బాట లేకుండా దిగకూడని వాలు. గీతలు ఒకదాన్నొకటి తాకితే చరియ.

ఈ లెక్కలో ఒక మోసం ఉంది. 20 మీటర్ల లోపు నిలువు చరియ ఈ మ్యాపులో కనిపించకపోవచ్చు. రెండు గీతల మధ్య అరవై అడుగుల గోడ దాక్కోగలదు. అందుకే శాటిలైట్ బొమ్మ పక్కన పెట్టుకుని చూడాలి. వానాకాలం బొమ్మలో అంతా పచ్చగా కలిసిపోతుంది, మార్చి–మే మధ్య తీసింది ఎంచుకోండి. ఆకు లేనప్పుడు బండ తెల్లగా, గడ్డి లేత గోధుమ రంగులో, ముళ్ళపొద, వెదురుపొద ముదురు చారలుగా కనిపిస్తాయి. వెన్నుకు సమాంతరంగా సన్నటి నల్ల నీడ గీత ఉంటే అది చరియ అంచు. ఆ గీతలన్నీ మ్యాపు మీద ఎర్ర పెన్నుతో దిద్దుకోండి.

తర్వాత దిగగలిగే చోట్లు గుర్తించండి. కోట బాట ఒకటి. వెన్ను మీద మీరు పోయే దారిలో రెండు కొండమిట్టల మధ్య కనుమలుంటే వాటికి నంబర్లు వేసుకోండి. కనుమ నుంచి కిందికి మ్యాపులో దారి ఉందా లేదా చూడండి. లేదంటే దాన్ని దిగే చోటుగా లెక్కపెట్టొద్దు. మొదటిసారి పోయేవాళ్ళకు నియమం ఇది: ఏ దారిన ఎక్కామో ఆ దారినే దిగాలి. చుట్టి వేరేవైపు దిగుదామన్న ఆశ ఎండాకాలంలో ప్రాణాంతకం. చరియ అడ్డుపడి వెనక్కి ఎక్కాల్సి వస్తే దానికి సరిపడా నీళ్ళు ఎవరి దగ్గరా ఉండవు.

వేగం లెక్క. వీపున ఏడు కిలోల బరువుతో, బాట మీద, గంటకు 300 మీటర్ల ఎత్తు. బాట లేని వెన్ను మీద గంటకు ఒక కిలోమీటరు, పొదలు దట్టంగా ఉంటే అర కిలోమీటరు. మ్యాపు మీద కిలోమీటరున్నర చిన్నదిగా కనిపించి మోసపోయేది ఇక్కడే. మైదానంలో ఇరవై నిమిషాల్లో నడిచే దూరానికి పైన గంటన్నర పడుతుంది.

ఈ లెక్కన రెండు రకాల రోజులు. మార్చి నెల మధ్యలో సూర్యోదయం 6:20 దగ్గర. ఆరింటికి కింద మొదలుపెడితే 8:15కు పైన ఉంటారు. వెన్ను మీద ఒక గంటా పావు పోయి 9:30కి ఎక్కడున్నా తిరగాలి. పదిన్నరకు బాట అందుతుంది, పన్నెండుంపావుకు ఊళ్ళో ఉంటారు. మే నెల మధ్యలో సూర్యోదయం 5:45 దగ్గర. ఐదున్నరకు మొదలు, 7:45కు పైన, వెన్ను మీద అరగంట మాత్రమే, 8:15కు వెనక్కి, పదిన్నరకు కింద. అంతకు మించి మే నెల ఇవ్వదు.

ఇంకా ముందుగా, నాలుగింటికే ఎందుకు బయలుదేరకూడదని అడగొచ్చు. ఎండ లెక్కన అది సరైన ఆలోచనే. కానీ ఎలుగుబంటి మేత ముగించుకుని తన చోటికి చేరే వేళ అది, పైగా ఎర్రచందనం తనిఖీల వేళ కూడా. వెలుగు రేకలు వచ్చాక, టార్చి లేకుండా కాలి ముందు రాయి కనిపించినప్పుడు కదలండి.

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి దాదాపు వంద కిలోమీటర్లు. సొంత బండి ఉంటే రెండున్నరకు బయలుదేరాలి, రాత్రి నిద్రలేక ఎండలో ఎక్కడం మంచిది కాదు. ముందురోజు సాయంత్రమే ఉదయగిరి చేరి పడుకోవడం మేలు. పామూరు, కనిగిరి వైపు నుంచి వచ్చేవాళ్ళకూ ఇదే మాట.

నీళ్ళు

మనిషికి ఐదు లీటర్లు. తగ్గించొద్దు. నడిచినంతసేపూ గంటకు 600 నుంచి 750 మిల్లీలీటర్ల వరకు తాగాలి, అవే నాలుగు లీటర్ల దాకా అవుతాయి. ఐదో లీటరు కాలు బెణికినవాడి కోసం, దారి తప్పిన గంట కోసం.

ఒకే పెద్ద డబ్బాలో మోయొద్దు. పగిలిందంటే అంతా పోతుంది. లీటరు సీసాలు ఐదు, అందులో రెండింటిలో ఓఆర్ఎస్ కలిపి ఉంచాలి, లీటరుకు ఒక పెద్ద ప్యాకెట్టు. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు సమం చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే దాహం పెరుగుతుంది, వాంతి వస్తుంది కాబట్టి చెంచాతో కొలవండి, చేతి అంచనా వద్దు. మామూలు నీళ్ళు ఒక్కటే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వికారం, తికమక వస్తాయి. అవి అచ్చం వడదెబ్బ లక్షణాల్లాగే ఉండి ఇంకా నీళ్ళు తాగిస్తారు, పరిస్థితి చేయి దాటుతుంది. అందుకే రెండు సీసాల నీళ్ళకు ఒక సీసా ఓఆర్ఎస్ అన్న వరస పాటించండి. కూల్ డ్రింకులు, ఎనర్జీ డ్రింకులు వద్దు.

ఎక్కే దారిలో సగం ఎత్తు దగ్గర మనిషికో లీటరు దాచిపెట్టొచ్చు, బరువు తగ్గుతుంది, దిగేటప్పుడు చల్లగా దొరుకుతుంది. బయట పెడితే కోతులు ఎత్తుకుపోతాయి. నీడ పట్టున రాళ్ళ సందులో పెట్టి, కోతి కదిలించలేనంత బండరాయి అడ్డం పెట్టండి. చేయి పెట్టే ముందు కర్రతో సందును తట్టి చూడండి. ఏ నీళ్ళనూ వెన్ను మీద దాచొద్దు, తిరిగి అదే చోటికి రాకపోవచ్చు.

కోట మీది కోనేళ్ళు, బండల మీది దొనలు ఎండాకాలంలో నమ్మకం లేనివి. నీళ్ళున్నా పాచి పట్టి ఉంటాయి, అడవి జంతువులకు ఆ కాలంలో అవే దిక్కు. తప్పనిసరై తాగాల్సి వస్తే తువ్వాలు నాలుగు మడతల్లో వడకట్టి, ప్యాకెట్టు మీద రాసిన కొలతలో క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాలి. దొన దగ్గర కూర్చుని తినొద్దు, ముఖం కడుక్కోవద్దు. నింపుకుని వెంటనే పక్కకు రండి.

తిండి విషయం త్వరగా ముగిద్దాం. బయలుదేరే ముందు చద్దన్నంలో మజ్జిగ, ఉల్లిపాయ. దారిలో చింతపండు పులిహోర, వేరుశనగ ఉండలు, దోసకాయ ముక్కలు. పెరుగన్నం తొమ్మిదింటికల్లా పులిసిపోతుంది, ఉడికించిన గుడ్లు వాసన వస్తాయి. రెండూ వద్దు.

ఒంటి మీద, వీపు మీద

చెప్పుల్లో, గుడ్డ షూలలో పోకండి. ఇక్కడి గట్లు ఎక్కువగా క్వార్ట్జైట్ రాయి, పలుగురాయి జాతి. విరిగిన అంచు బ్లేడులా ఉంటుంది. మెత్తటి నడక షూ అడుగు రెండు గంటల్లో ఊడిపోతుంది, తుమ్మముల్లు నేరుగా అరికాలికి దిగుతుంది. గట్టి రబ్బరు అడుగు, చీలమండ దాకా కప్పే షూ కావాలి, కనీసం రెండు వారాలు తొడిగి అలవాటు చేసుకున్నవి. దిగుడులో వేళ్ళు ముందుకు గుద్దుకోకుండా అర సైజు పెద్దవి తీసుకుని, గోళ్ళు కత్తిరించుకోండి.

మందపు కాటన్ ప్యాంటు, లేత రంగు పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, మెడకు తడిపి చుట్టుకునే తువ్వాలు. ఒంటికి అతుక్కునే జిమ్ దుస్తులను రేగుముల్లు ఒక్క లాగుకు చీలుస్తుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే తోలు చేతి తొడుగులు తీసుకోండి. పది గంటల తర్వాత బండను వట్టి చేత్తో పట్టుకోలేరు.

ఐదడుగుల వెదురు కర్ర, విజిల్, చిన్న టార్చి, ముల్లు తీసే సన్నటి పట్టకారు, బ్యాండేజీ, నడుముకు కట్టుకునేంత పొడవున్న గుడ్డ, సబ్బు. సెంటు, వాసన నూనె, సిగరెట్టు, అగ్గిపెట్టె వద్దు. మొదటి రెండూ తేనెటీగలను రేపుతాయి. చివరి రెండూ ఎండిన గడ్డి ఉన్న కొండ మీద ఎవరి దగ్గరా ఉండకూడనివి.

ఫోన్‌లో మ్యాపు ముందే దించుకుని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, తువ్వాలులో చుట్టి బ్యాగు మధ్యలో ఉంచండి. జేబులో, ఎండలో ఉన్న ఫోన్ వేడెక్కి సరిగ్గా అవసరమైనప్పుడు ఆగిపోతుంది. కాబట్టి కాగితం మ్యాపు, చిన్న దిక్సూచి తప్పనిసరి. మన ప్రాంతంలో సూది చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒకటి రెండు డిగ్రీల లోపే, సవరణ అక్కర్లేదు.

నలుగురికి తక్కువ కాకుండా, ఆరుగురికి మించకుండా పోండి. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడు ఉండాలి, ఇద్దరు సాయానికి కిందికి పోవాలి. నాలుగు అన్న లెక్క అందుకే. రోజంతా ఏసీలో పనిచేసేవాళ్ళు పోవడానికి ముందు పది రోజులు సాయంత్రం నాలుగున్నర ఎండలో ముప్పావు గంట నడిచి ఒంటిని అలవాటు చేసుకోవాలి. చెమట పట్టే తీరు అలా అలవాటయితేనే మారుతుంది.

ఎక్కుడు

మొదటి గంట నెమ్మదిగా. పక్కవారితో ఆయాసం లేకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత వేగం చాలు. 25 నిమిషాలకోసారి నీడలో ఐదు నిమిషాలు ఆగి, దాహం వేసినా వేయకపోయినా నాలుగు గుక్కలు తాగండి. అందరిలోకి నెమ్మదైనవారు ముందు నడవాలి. వెనుక ఉంచితే వారికి విశ్రాంతే దొరకదు. వాళ్ళు చేరేసరికి మిగతావాళ్ళు లేచి కదులుతారు.

కోట గోడల మీద ఎక్కి నడవొద్దు. సున్నం ఊడిన రాళ్ళు అడుగు పడగానే దొర్లుతాయి, పైగా అది కాపాడుకోవాల్సిన కట్టడం. గోడ పక్కన నడవండి. దారి గుర్తుకు కూడా గోడను మించినది లేదు. పొగమంచులా దుమ్ము కమ్మినా “గోడ నా ఎడమ చేతి వైపు” అనుకుంటే చాలు.

బాట వదిలే చోట ఆగండి. సమయం రాసుకోండి. ఫోన్‌లో ఆ చోటు గుర్తు పెట్టండి. వెనక్కి తిరిగి, దిగేటప్పుడు కనిపించే వైపు నుంచి ఫొటో తీయండి. ఎవరి సీసాల్లో ఎన్ని నీళ్ళున్నాయో చూడండి. మనిషికి మూడు లీటర్లకు తక్కువ ఉంటే వెన్ను మీదికి పోవద్దు, కోట చూసి దిగిపోండి.

బాట వదిలాక

వెన్ను సరిగ్గా పైభాగాన మట్టి పలచన కాబట్టి పొద తక్కువ. వీలైనంత వరకు అక్కడే నడవండి. పక్క వాలులోకి పది మీటర్లు జారితే చాలు ముళ్ళు మూసుకుంటాయి. పై అంచున బండలు అడ్డం వస్తే చరియ లేని వైపు నుంచి చుట్టి వెంటనే తిరిగి పైకి ఎక్కాలి. “ఇలాగే పక్కనుంచి పోదాం” అని వాలు వెంట సాగితే ప్రతి అడుగూ కిందికే జారుతుంది. అరగంటకు వెన్ను యాభై మీటర్ల పైన ఉంటుంది.

పశువుల బాట, మేకల బాట తేడా తెలుసుకోండి. పశువుల బాట మీద ముళ్ళు మన భుజం ఎత్తు దాకా తొలగి ఉంటాయి. మేకల బాట నేల మీద స్పష్టంగా ఉండి మూడడుగుల ఎత్తున ముళ్ళ కప్పు మూసుకుని ఉంటుంది. అందులోకి దూరితే పాక్కుంటూ వెనక్కి రావాల్సిందే. రెండు బాటలూ శిఖరానికి పోవు, నీడకూ నీటికీ పోతాయి. మీ దిశతో కలిసినంత వరకే వాడుకోండి.

రాయి విషయం. పలుగురాయి బండ పొడిగా ఉంటే కాలు బాగా పడుతుంది. ప్రమాదమంతా దాని మీద పరుచుకున్న గులకరాళ్ళది. వాటి మీద మడమ పెడితే కాలు చక్రాల మీద ఉన్నట్టు జారుతుంది, పాదం మొత్తం ఆనించి వేయండి. అక్కడక్కడ పలకరాయి తగులుతుంది, మార్కాపురం పలకల రాయి లాంటిదే. పొరలుగా విడిపోతుంది కాబట్టి చేత్తో లాగి పట్టుకుంటే ఊడి వస్తుంది. ఏ బండనైనా బరువు వేసే ముందు పిడికిలితో కొట్టి వినండి. గట్టి చప్పుడైతే నేలలో నాటుకుని ఉంది, డొల్ల చప్పుడైతే వదిలేయండి. చేతులు, కాళ్ళు నాలుగింటిలో మూడు ఎప్పుడూ ఆనే ఉండాలి. రాళ్ళు దొర్లే వాలులో ఒకరి కింద ఒకరు నడవొద్దు. పక్కపక్కన విడిపోండి, రాయి కదిలితే కదిల్చినవాళ్ళు “రాయి!” అని అరవాలి.

ఎండిన బోదగడ్డి వాలు మీద పడుకుని ఉంటే నూనె రాసినట్టు జారుతుంది. గడ్డి దుబ్బు మీద కాకుండా దుబ్బుకు పై పక్కన, మట్టి కనిపించే చోట అడుగు వేయండి. దూలగొండి కాయలు ఈ కాలంలోనే ఎండి పగులుతాయి. గోధుమ రంగు నూగుతో వంకర తిరిగిన కాయల గుత్తి తీగకు వేలాడుతుంటే ఆ పొదను గాలి వచ్చే వైపు నుంచి చుట్టిపోండి. నూగు తగిలితే గోకొద్దు, నీళ్ళు పోయొద్దు. ముందు బ్యాండేజీ పట్టీని అతికించి లాగితే నూగు దానితో వచ్చేస్తుంది, ఆ తర్వాత సబ్బుతో కడగండి.

ఇక దారి తప్పడం గురించి. ఎక్కేటప్పుడు చిన్న పాయలన్నీ వచ్చి పెద్ద గట్టులో కలుస్తాయి, తప్పిపోయే అవకాశం తక్కువ. తిరిగి వచ్చేటప్పుడు అదే గట్టు ప్రతి మిట్ట దగ్గర రెండుగా చీలుతుంది. రెండూ ఒకేలా ఉంటాయి, ఎక్కువసార్లు తప్పు పాయే వెడల్పుగా, నడవడానికి హాయిగా ఉంటుంది. చివర చరియ. అందుకని పోయేటప్పుడు పాయ వచ్చి కలిసిన ప్రతిచోటా ఆగి వెనక్కి చూడండి, మూడు రాళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టండి, దిక్సూచిలో తిరుగుదారి దిక్కు చూసి రాసుకోండి. వచ్చేటప్పుడు ఆ రాళ్ళు తీసేయండి, లేకపోతే తర్వాత వచ్చేవాళ్ళను అవే తప్పుదారి పట్టిస్తాయి. రంగు పూయడం, చెట్టుకు గంటు పెట్టడం చేయకండి.

తప్పు పాయలో దిగుతున్నామని అనుమానం వస్తే, పది నిమిషాల్లో గుర్తు రాయి కనిపించకపోతే, వెనక్కి ఎక్కండి. అడ్డంగా కోసుకుని అసలు పాయకు చేరదామని చూడొద్దు, మధ్యలో వాగు ఉంటుంది. ఎండిన వాగు వెంట దిగడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. మొదట ఇసుక, నున్నటి రాళ్ళతో దారిలాగే ఉంటుంది. తర్వాత నీళ్ళు దుమికే చోటు వస్తుంది, ఇరవై ముప్పై అడుగుల నున్నటి గోడ. దిగలేరు, అప్పటికి ఎక్కే ఓపికా ఉండదు. గాలి ఆడని ఆ గొందిలో వేడి ఇంకా ఎక్కువ, నీడ కోసం జంతువులు చేరేదీ అక్కడే.

ఎలుగు, తేనెటీగ, పాము

చెదపుట్టలు కొత్తగా తవ్వి ఉన్నా, పేడలో తునికి గింజలు కనిపించినా ఎలుగు దగ్గర్లో తిరుగుతోందని అర్థం. దానికి చూపు, వినికిడి అంతంతమాత్రం. మనల్ని గమనించేలోగా దగ్గరకు పోతే భయంతో మీద పడుతుంది. గుహల ముందు, వెదురుపొదల దగ్గర, వెన్ను వంపు తిరిగే చోట గట్టిగా మాట్లాడండి, కర్రతో బండను తట్టండి. ఎదురైతే పరుగెత్తొద్దు. అందరూ ఒకచోట చేరి, దాని వైపే ముఖం ఉంచి మెల్లగా వెనక్కి జరగండి. పిల్లలుంటే తల్లికీ పిల్లలకూ మధ్యలోకి పోకుండా చూసుకోండి.

కొండ తేనెపట్లు చరియ కింది భాగాన నల్లటి పలకల్లా వేలాడతాయి. పై నుంచి నడిచేవారికి కనిపించవు, కాబట్టి చరియ అంచు నుంచి కిందికి రాళ్ళు దొర్లించొద్దు. రేగితే తువ్వాలుతో ముఖం కప్పుకుని, చరియకు దూరంగా, పొదలున్న వైపు ఆగకుండా పోండి. చేతులు ఊపొద్దు. కొండిలను గోటితో గీకి వెంటనే తీసేయండి. ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే అది ఆసుపత్రి పని, 108కి చేయండి.

పాము కాటు వేస్తే కోయొద్దు, కట్టు బిగించొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కాటు పడ్డ కాలినో చేతినో కర్రకు కట్టి కదలకుండా చేసి, మనిషిని నడిపించకుండా మోసుకు దిగాలి. అన్ని ప్రధాన విషాలకూ పనిచేసే విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఇస్తారు, పాము జాతి తేల్చడానికి దాని వెంట పడొద్దు.

ఎండదెబ్బ, పిడుగు

పిక్కలు పట్టేస్తే ఓఆర్ఎస్ తాగించి పది నిమిషాలు కూర్చోబెట్టండి. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం మొదలైతే నడక అక్కడితో ఆపేయాలి. నీడ, కాళ్ళు ఎత్తి పడుకోబెట్టడం, చిన్న గుక్కలతో ఓఆర్ఎస్, తేరుకున్నాక దిగుడు. మాట తడబడటం, అడిగినదానికి సంబంధం లేని జవాబు, ఊరికే కోపం, తూలడం వస్తే అది వడదెబ్బ. అప్పుడు మొదటి పని చల్లబరచడం. మిగిలిన నీళ్ళలో తాగడానికి కావాల్సినవి ఉంచి, మిగతావి ఒంటి మీద పోసి, చొక్కాలతో ఆగకుండా విసరండి. ఒకరు 108కి ఫోన్ చేయాలి, సిగ్నల్ లేకపోతే అది దొరికే చోటికి ఇద్దరు కదలాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయొద్దు. పారాసిటమాల్ దీనికి పనిచేయదు.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తర్వాత ఉరుములతో వానలు పడతాయి. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ ముందే ఫోన్‌లో పెట్టుకోండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు ఉంటే పిడుగు పది కిలోమీటర్ల దూరంలో ఉంది, అప్పుడే వెన్ను వదలాలి. దగ్గరకొస్తే ఒంటరి చెట్టు, కోట గోడ మీది ఎత్తు, గుహ మూతి మూడూ వద్దు. విడివిడిగా, పల్లంలో, పాదాలు దగ్గరగా పెట్టి కూర్చోండి.

దిగుడు

దెబ్బలు ఎక్కువగా దిగేటప్పుడే తగులుతాయి, అలసట వల్ల, ఊరు కనిపిస్తోందన్న తొందర వల్ల. మోకాళ్ళు కొద్దిగా వంచి, కర్ర ముందు ఆనించి, చిన్న అడుగులు. దాచిన నీళ్ళ దగ్గర పది నిమిషాలు ఆగి సగం తాగండి. ఖాళీ సీసాలన్నీ కిందికి తేవాలి.

కిందికి వచ్చాక తువ్వాలు పరిచి ప్యాంటు మడతలు, చంకలు, నడుము దగ్గర పిడుదులు వెతుక్కోండి. పట్టకారుతో తల దగ్గర పట్టి నిలువుగా లాగాలి, నలపకూడదు. రాత్రి దాకా మూత్రం రంగు లేతగా మారే వరకు తాగుతూనే ఉండండి. ఇంటికి బయలుదేరేముందు, అనుమతి ఇచ్చిన అటవీ సిబ్బందికి ఫోన్ చేసి, ఎందరు ఎక్కారో అందరూ దిగారని చెప్పండి. ఆ ఫోన్ రాకపోతే వాళ్ళు టార్చిలు పట్టుకుని కొండ ఎక్కాల్సి వస్తుంది.